బాబుకి నడుం దగ్గర తామర, ట్యూబ్ రాస్తే తగ్గి మళ్ళీ వస్తోంది. ఇప్పుడు తల్లో కూడా

భీమవరం బుజ్జమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి నాలుగేళ్ళు నిండాయి, బరువు 15 కిలోలు. ఆగస్టులో వాడి నడుం దగ్గర, సరిగ్గా మొలతాడు కింద, రూపాయి బిళ్ళంత ఎర్రటి గుండ్రం కనిపించింది. అంచు కాస్త ఎత్తుగా పొట్టు లేస్తూ ఉంది, మధ్యలో మాత్రం మామూలు చర్మంలానే ఉంది. అత్తయ్యగారు చూడగానే తామర అనేశారు. మావారికి తొడల సందుల్లో ఏడాదిగా దురద ఉంది. ఆయన మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబ్ బీరువా మీద ఉంటే, అదే బాబుకీ రాశాను.

నిజం చెప్పొద్దూ, మంత్రం వేసినట్టు పనిచేసింది. మూడో రోజుకి ఎరుపు లేదు, దురద లేదు. వాడు రాత్రంతా గోక్కోకుండా పడుకున్నాడు. వారం రాసి మానేశాను. పది రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ తగ్గింది. ఇలా మూడుసార్లయింది. ఇప్పుడు నా అరచేయంత అయింది, పిరుదు దాకా పాకింది. ముందులా అంచు సరిగ్గా తెలియడం లేదు, గుండ్రంలో ఇంకో గుండ్రం గీసినట్టుంది.

ఇది చాలదన్నట్టు, రెండు వారాల నుంచి తల వెనక ఒకచోట జుట్టు పల్చబడింది. దువ్వితే తెల్లగా పొట్టు రాలుతోంది. దగ్గర పెట్టుకుని చూస్తే వెంట్రుకలు మొదట్లోనే తెగిపోయి నల్ల చుక్కల్లా ఉన్నాయి. చుండ్రేమో అనుకున్నాను.

ట్యూబ్ మీద క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అని నాలుగు పేర్లున్నాయి. ఇన్ని మందులు కలిస్తే మంచిదే కదా అనుకున్నాను అప్పుడు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. అత్తయ్యగారు గుండు కొట్టించేద్దాం, ఎలాగూ తిరుపతి మొక్కుంది అంటున్నారు. పక్కింటావిడ కడుపులో నులిపురుగులు అంటోంది. స్కూల్లో మిస్ తగ్గేదాకా పంపొద్దంది. మావారేమో ఇంకో ట్యూబ్ తెస్తానంటున్నారు. శనివారం స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ మాత్రలు రాస్తే చిన్నపిల్లాడి లివర్ ఏమవుతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరైనా పిల్లలకి ఇలా పడి ఉంటే చెప్పండి, ప్లీజ్.

గోదారి గట్టు:

దీనికి ఇంత కంగారు ఎందుకమ్మా. మా చిన్నప్పుడు తామర వస్తే మా నాయనమ్మ మెట్టతామర ఆకు కోసుకొచ్చి, నిమ్మరసం వేసి నూరి పట్టించేది. మంట పుట్టేది, ఏడ్చేవాళ్ళం, తగ్గేది. అంతే. ఈ ట్యూబులు, మాత్రలు అన్నీ వేడి. ఆకు దొరక్కపోతే వెల్లుల్లి నూరి కట్టండి.

ఖమ్మం ల్యాబక్క:

బుజ్జమ్మగారూ, నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. పైన స్కిన్ డాక్టర్ క్లినిక్, కింద మా ల్యాబ్. పన్నెండేళ్ళుగా జనం ఒంటి పొట్టు చూడటమే నా ఉద్యోగం. పైగా మా పాపకి రెండో తరగతిలో ఇదే వచ్చింది, తల్లో. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

ముందు వెల్లుల్లి మాట వినకండి. పసిపిల్లల చర్మం మీద వెల్లుల్లి ముద్ద కడితే కాలిన బొబ్బలు లేస్తాయి. అలా వచ్చిన పిల్లల్ని చూశాను. గోదారి గట్టు గారూ, మెట్టతామర విషయంలో మీ నాయనమ్మగారిది వట్టి మాట కాదు, ఆ ఆకులో తామర తెప్పించే ఫంగస్‌ని అణిచే క్రైసోఫానిక్ యాసిడ్ ఉంది. కానీ ఈ బాబు చర్మం మూడు కోర్సుల స్టెరాయిడ్ తిని ఉంది. దాని మీద నిమ్మరసం పోస్తే వాడి గతేంటి?

స్టెరాయిడ్ అన్నాను కదా, ఆ ట్యూబ్ సంగతి అదే. నాలుగింట్లో తామరకి పనికొచ్చేది టెర్బినాఫిన్ ఒక్కటే. రెండు బాక్టీరియా లాంటి వాటికి, ఇక్కడ వాటికి పనే లేదు. ఇక క్లోబెటసాల్ ఒంటికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన రకం. మూడు రోజుల్లో ఎరుపూ దురదా మాయం చేసింది అదే. ఆ ఎరుపు, దురద ఫంగస్‌ని చూసి మన ఒళ్ళు చేసే గోల. స్టెరాయిడ్ ఆ గోలని ఆపుతుంది. కుక్క మొరగడం మానేసిందని దొంగ వెళ్ళిపోయాడనుకుంటామా? ఫంగస్ లోపల హాయిగా పాకుతూ ఉంటుంది. ట్యూబ్ ఆపగానే ఒళ్ళు మళ్ళీ మొరుగుతుంది, ఈలోగా గుండ్రం రెట్టింపు అయి ఉంటుంది. గుండ్రంలో గుండ్రం అని మీరు రాయగానే నాకు అర్థమైంది, అది ఇలాంటి ట్యూబులు రాసినవాళ్ళ ఒంటి మీద కనిపించే గుర్తు.

ఇలాంటి వాళ్ళ స్లైడులు నాకు చాలా తేలిక, వెతుక్కోవాల్సిన పనే ఉండదు. ఫంగస్ అంత దట్టంగా ఉంటుంది.

పరీక్ష గురించి కూడా చెప్తాను, బాబు ఏడుస్తాడని భయపడకుండా ఉంటారు. కేఓహెచ్ అంటారు. సూది ఉండదు, రక్తం ఉండదు. మచ్చ అంచు మీద గీకి పొట్టు తీస్తాను. మధ్యలో గీకితే ఏమీ దొరకదు, సరుకంతా అంచులోనే ఉంటుంది. పెద్దవాళ్ళకి బ్లేడు వాడతాను. పిల్లలకైతే బ్లేడు చూస్తేనే గుక్కపెడతారని, గాజు స్లైడు అంచుతోనే గీకుతాను. బియ్యప్పిండి రాలినట్టు కింద స్లైడు మీద రాలుతుంది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ రెండు చుక్కలు వేసి పావుగంట, ఇరవై నిమిషాలు పక్కన పెడతాను. చర్మం పొట్టు కరిగిపోతుంది, ఫంగస్ కరగదు. మైక్రోస్కోపులో పెడితే కణుపు కణుపుగా వెదురు కొమ్మలు అడ్డదిడ్డంగా పడి ఉన్నట్టు కనిపిస్తుంది. మా దగ్గర 150 రూపాయలు. పిల్లలైతే కొన్నిసార్లు వాళ్ళకే చూపిస్తాను, ఏడుపు ఆపేస్తారు.

అందుకని శనివారం దాకా ఆ చోట ఏమీ రాయకండి, రాస్తే పరీక్షలో దొరక్కపోవచ్చు. ట్యూబ్ ఆపిన రెండో రోజో మూడో రోజో ఎర్రగా మండిపడుతుంది. అది చూసి భయపడి మళ్ళీ రాశారంటే కథ మొదటికొస్తుంది. మరీ ఓర్చుకోలేకపోతే శనివారం దాకా ఆగకుండా ముందే తీసుకెళ్ళండి. ఆ ట్యూబ్ కూడా పర్సులో వేసుకోండి, డాక్టర్‌కి చూపించడానికి. వాళ్ళు తిడతారని చాలామంది దాచేస్తారు. దాచకండి.

ఇక తల. ఇక్కడ నా సిగ్గుమాలిన సంగతి ఒకటి చెప్పాలి. మా పాపకి చుండ్రు అనుకుని నెల రోజులు షాంపూలు మార్చాను. కొబ్బరినూనె పెట్టి గట్టిగా జడలేసి స్కూలుకి పంపేదాన్ని. రోజంతా ఊరి వాళ్ళ పొట్టు చూస్తాను, నా కూతురి తల చూడలేదు. ఒక ఆదివారం పేలు చూద్దామని ఒళ్ళో పడుకోబెట్టుకుంటే మెడ వెనక శనగ గింజల్లా బిళ్ళలు చేతికి తగిలాయి. గుండె జారింది. సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకెళ్ళి, తెగిపోయిన వెంట్రుకల తుంపులు రెండు పట్టకారుతో లాగి స్లైడు మీద పెట్టాను. వెంట్రుక లోపల ఆవాలు కూరినట్టు గింజలు గింజలుగా ఉంది. పన్నెండేళ్ళలో అలాంటివి ఎన్ని చూశానో. ఇది మాత్రం చూసి కాసేపు ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను.

మీ బాబుకి నల్ల చుక్కలు అన్నారు కాబట్టి అదే అయ్యుండొచ్చు, పరీక్ష చేస్తేగానీ తెలియదు. అదే అయితే తలకి పైపూత చాలదు. ఫంగస్ వెంట్రుక కుదురులోకి దిగి ఉంటుంది, క్రీము అక్కడిదాకా వెళ్ళదు. నోటి మందు పడాల్సిందే. గుండు కొట్టించినా కుదురు అలాగే ఉంటుంది కాబట్టి అదీ దండగే. పైగా ఆ కత్తీ దువ్వెనా ఇంకో పిల్లాడి తల మీదకి వెళ్తాయి. తిరుపతి మొక్కు తగ్గాక తీర్చుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

మా పాపకి గ్రిసియోఫల్విన్ ఇచ్చారు, 8 వారాలు. 1950ల చివరి నుంచీ వాడుకలో ఉన్న పాత మందు. దీనికి ఒక కిటుకుంది, కొవ్వు ఉన్న తిండితో వేస్తేనే ఒంటికి పడుతుంది. ఉత్త కడుపున వేస్తే సగం దండగ. నేను నెయ్యి అన్నం తినిపించి మధ్యలో వేసేదాన్ని. కొన్నాళ్ళు తలనొప్పి, కడుపు నొప్పి అంది, తర్వాత సర్దుకుంది. టెర్బినాఫిన్ కూడా పిల్లలకి ఇస్తారు, దాని కోర్సు ఇంకా తక్కువ రోజులు. ఏది, ఎంత అన్నది బరువు చూసి డాక్టర్ లెక్కేస్తారు. ఇక్కడ ఎవరైనా మిల్లీగ్రాములు రాసినా మీరు పట్టించుకోవద్దు. లివర్ భయం నాకూ ఉండేది. మా డాక్టర్ ముందొకసారి పరీక్ష చేయించారు, నార్మల్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఈ కొద్ది వారాలకి మామూలుగా ఇబ్బంది రాదని చెప్పారు. ఇదివరకు కామెర్లు లాంటివి వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. వారానికి రెండుసార్లు కీటోకొనజోల్ షాంపూ కూడా రాశారు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. అది తగ్గించడానికి కాదు, పక్కవాళ్ళకి అంటకుండా.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ చోట మెత్తగా వాచి చీము కారితే సెగగడ్డ అని ఎవరూ కోయకూడదు. అదీ ఫంగస్ పనే, వెంటనే చూపించాలి. ఆలస్యమైతే అక్కడ జుట్టు మళ్ళీ రాకుండా పోతుంది.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇప్పుడు చెప్తాను, మీకు కోపం వచ్చినా సరే. మీ ఇంట్లో పెద్ద రోగి బాబు కాదు, మీవారు. ఏడాదిగా ఆయన తొడల్లో పెంచుతున్నదే బాబు నడుం మీదకి వచ్చి ఉంటుంది. ఒకే తువ్వాలు, ఒకే పక్క, బట్టలన్నీ కలిపి ఒకే వాషింగ్ మెషిన్. బాబుని ఎంత బాగు చేసినా ఆయన్ని బాగు చేయకపోతే నెలకల్లా మళ్ళీ వస్తారు. మా ల్యాబ్‌కి ఇలా తిరిగొచ్చే కుటుంబాలు ఎన్నో. తల్లి పిల్లాణ్ణి తెస్తుంది. నాన్నకేమైనా ఉందా అంటే, ఉందండీ కానీ ఆయన రారు అంటుంది. శనివారం ఆయన్ని కూడా చూపించండి. అత్తయ్యగారినీ, మిమ్మల్నీ కూడా ఒకసారి చూడమనండి. ఇంట్లో కుక్కపిల్లో పిల్లిపిల్లో ఉంటే దాని ఒంటి మీద బొచ్చు ఊడిన చోట్లు ఉన్నాయేమో చూసుకోండి.

మొలతాడు ఈ రోజే కోసేయండి. స్నానం చేయించిన ప్రతిసారీ ఆ దారం నీళ్ళు పీల్చుకుంటుంది, రోజంతా ఆరదు. చెమట, పొట్టు అంతా దాంట్లోనే. మీ భీమవరం ఉక్కకి ఇక చెప్పాలా! ఎవరి తువ్వాలు వాళ్ళకి. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి.

పక్కింటావిడ నులిపురుగుల మాట వదిలేయండి. బుగ్గల మీద తెల్లమచ్చలొచ్చినా మన వాళ్ళు అదే అంటారు. స్కూలు సంగతి డాక్టర్నే అడిగి చీటీ రాయించుకోండి. మందు మొదలుపెట్టాక పంపొచ్చని మాకు చెప్పారు. టోపీ, దువ్వెన మాత్రం ఎవరితోనూ పంచుకోనివ్వకండి.

డల్లాస్ నాన్న:

ల్యాబక్క గారు చెప్పినదానికి మా అనుభవం కొంచెం కలుపుతాను. పోయిన వేసవికి పిల్లల్ని విజయవాడ తీసుకెళ్ళాం. తిరిగొచ్చాక మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి కడుపు మీద గుండ్రాలు. ఇక్కడ షాపులో చీటీ లేకుండా దొరికే క్లోట్రిమజోల్ నెల రాశాం, తగ్గలేదు. డాక్టర్ టెర్బినాఫిన్ ఇచ్చారు, అదీ అంతంతే. స్కిన్ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ మొదటి ప్రశ్న, ఈ మధ్య ఇండియా వెళ్ళారా అని.

ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే రకం ఉందట, పేరులోనే ఇండియా పెట్టేశారు. 2020లో జపాన్ పరిశోధకులు పెట్టిన పేరు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరికి వచ్చిందని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది. చాలాసార్లు టెర్బినాఫిన్‌కి లొంగదు. మా అమ్మాయి శాంపిల్ కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూడటానికి, పంపారు, వారాలు పట్టింది. చివరికి ఇట్రాకొనజోల్‌తో తగ్గింది. ఇది ఇంత మొండిగా తయారవడానికి ఇండియాలో స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు విచ్చలవిడిగా వాడటం కూడా ఒక కారణమని చాలామంది స్పెషలిస్టులు అంటారని ఆవిడ చెప్పింది. నేను సిగ్గుపడి ఊరుకున్నాను, ఎందుకంటే మొదటి వారం మా అమ్మ ఇచ్చి పంపిన ట్యూబే రాశాం.

బుజ్జమ్మగారూ, ఒక మందు పడకపోతే ఇంకోటి ఉంది. కంగారు పడకండి.

భీమవరం బుజ్జమ్మ:

ల్యాబక్కా, మీరు రాసింది రాత్రి మావారికి గట్టిగా చదివి వినిపించాను. "పెద్ద రోగి" దగ్గర ఆయన లేచి టీవీ సౌండ్ పెంచారు. 😀 అయినా వస్తానన్నారు. చిన్న సందేహం. ఇలాంటి ట్యూబ్ చీటీ లేకుండా ఎలా అమ్ముతున్నారు? నేను వెళ్ళి అడిగితే ఏమీ అడక్కుండా ఇచ్చేశాడు.

ఖమ్మం ల్యాబక్క:

అమ్మకూడదనే రూలుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో స్పష్టంగా చేర్చింది. అంటే చీటీ ఉండాలి. కానీ మన కౌంటర్ల దగ్గర చీటీ ఎవరు అడుగుతారు? ఇంకోసారి ట్యూబ్ చేతికొస్తే వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఈ పేర్లలో ఏది కనిపించినా తామరకి సొంతంగా వాడొద్దు. అలాగని స్టెరాయిడ్ అంటేనే విషం కాదు, వేరే చర్మం జబ్బులకి డాక్టర్లే రాస్తారు. పిల్లల ఒంటికి మాత్రం పెద్దవాళ్ళ కన్నా ఎక్కువ ఇంకుతుంది. గజ్జల దగ్గర, పిరుదుల దగ్గర చర్మం పల్చబడి చారలు పడతాయి. నెలల తరబడి రాసిన పసిపిల్లలకి మొహం ఉబ్బి చందమామలా అవుతుంది. మీరు త్వరగానే ఆపారు.

భీమవరం బుజ్జమ్మ, ఐదు వారాల తర్వాత:

ఆలస్యమైంది, క్షమించండి. ట్యూబ్ ఆపిన మూడో రోజు ల్యాబక్క చెప్పినట్టే ఎర్రగా పొంగింది. శుక్రవారం రాత్రి వాడు రెండింటిదాకా ఏడ్చాడు, నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. మావారు ఒకసారి ఆ ట్యూబ్ వైపు చూశారు. అప్పటికే నేను దాన్ని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్ వేసేశాను.

పరీక్షలో ఒంటి మీదా తల్లోనూ రెండుచోట్లా ఫంగస్ ఉందన్నారు. బాబుకి గ్రిసియోఫల్విన్, ఒంటికి క్లోట్రిమజోల్ రాశారు. మచ్చ దాటి రెండు వేళ్ళ మేర బయటికి కూడా రాయమన్నారు. మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు. మాత్ర వాడికి నెయ్యితో కాదు, మీగడ పెరుగన్నంతో దిగుతోంది. ఇప్పుడు నడుం దగ్గర గోధుమరంగు మరక మిగిలింది, పొట్టు లేదు. తల్లో నల్ల చుక్కల చోట చిన్న చిన్న మొలకలు వస్తున్నాయి. ఇంకా మూడు వారాల మందు ఉంది, ఆపొద్దని గట్టిగా చెప్పారు. స్కూలుకి వెళ్తున్నాడు.

మావారిని చూసి డాక్టర్ ఒకే మాట అన్నారు, మీరు బాబు కంటే ముందు రావాల్సింది కదండీ అని. ఆయనకి వేరే మాత్రలు. ఇప్పుడు ఇంట్లో నాలుగు రంగుల తువ్వాళ్ళు. బాబుది పసుపు. వాళ్ళ నాన్న పొరపాటున దాన్ని ముట్టుకుంటే వాడే అరుస్తున్నాడు.

మిగిలిన పేచీ ఒక్కటే. మొలతాడు కోసినప్పటి నుంచి అత్తయ్యగారికి మనసు మనసులో లేదు, దిష్టి తగులుతుందని. వెండిది చేయించమంటున్నారు. పర్వాలేదంటారా?

ఖమ్మం ల్యాబక్క:

వెండిది తడి పీల్చదు, దారం కన్నా నయం. కానీ కోర్సు పూర్తయి, డాక్టర్ చూసి సరే అన్నాక వేయండి. స్నానం కాగానే దాని కింద తుడవాలి. ఈ మూడు వారాలూ బుగ్గన చుక్క కాస్త పెద్దది పెట్టమనండి అత్తయ్యగారిని.